నీళ్ల బాటిల్ ఎన్ని టైల్స్ దూరంలో ఉంది? మింగడానికి భయపడ్డ ఒక పాప కేస్ స్టడీ

ఈ కేసు రాయడానికి ఆ అమ్మాయి, వాళ్ళ అమ్మానాన్న ముగ్గురూ ఒప్పుకున్నారు, అయినా గుర్తుపట్టే వివరాలు కొన్ని మార్చేసా, పేర్లు అసలు రాయట్లేదు. పాప అనే రాస్తా. పదకొండేళ్ల పిల్లని పాప అంటే తనకి కోపం, "పాప అని రాస్తే రాసుకోండి మేడమ్, కానీ సిక్స్త్ క్లాస్ అని కూడా రాయండి" అంది. రాసేసా.

డిసెంబర్ మూడో వారం. పిల్లల డాక్టర్ గారి దగ్గర్నుంచి థెరపీ కోసం నా దగ్గరికి వచ్చిన చీటీలో రెండే లైన్లు, తొమ్మిది వారాలుగా నమిలి తినేది ఏదీ తినట్లేదు, బరువు 36 కేజీల నుంచి 30.5కి పడింది, గొంతు టెస్టులన్నీ నార్మల్ అని. వనస్థలిపురం వైపు ఉండే ఫ్యామిలీ, సొంతూరు నల్గొండ దగ్గర. నలుగురు లోపలికొచ్చారు, అమ్మ, నాన్న, నానమ్మ, పాప. ఐదేళ్ల తమ్ముడు బయట చేపల తొట్టి దగ్గర సెటిలయ్యాడు. నా కళ్ళు ముందు పాప మీద కాదు, తన చేతిలో ఉన్న లీటర్ స్టీల్ బాటిల్ మీద పడ్డాయి. కూర్చున్నాక కూడా కింద పెట్టలేదు, ఒళ్ళో పెట్టుకుని మూత మీద బొటనవేలు ఆనించి ఉంచింది, ఏ క్షణాన్నైనా తిప్పి తీసేలాగా. నేను నోట్స్‌లో బాటిల్ అని రాసి కింద గీత కూడా గీసుకున్నా, కానీ అసలు సంగతంతా దాంట్లోనే ఉందని బుర్రకెక్కడానికి నాకు ఆరు సెషన్లు పట్టింది.

జరిగిందేంటంటే, అక్టోబర్‌లో సీతాఫలాల సీజన్ కదా, వాళ్ళ నాన్న రోడ్డు పక్కన గంపలో అమ్ముతుంటే డజను తెచ్చారు. రాత్రి అన్నాలయ్యాక టీవీ ముందు కూర్చుని అందరూ తింటున్నారు, తమ్ముడు ఏదో కోతి వేషం వేస్తే పాప పడీ పడీ నవ్వింది, నవ్వులో గింజ వెనక్కి జారింది. పొలమారింది. మొహం ఎర్రగా కందిపోయి, కళ్ళల్లో నీళ్ళు, దగ్గు దగ్గు దగ్గు, గింజ ఎగిరి కింద పడింది, దాంతో పాటే తిన్న అన్నం కూడా వాంతైపోయింది. "పది సెకన్లు కూడా ఉండదు మేడమ్, నాకు మాత్రం ఒక గంట జరిగినట్టే ఉంది" అన్నది అమ్మ. మామూలుగా మనకి పొలమారితే ఎవరో తలుచుకుంటున్నారని నెత్తి మీద తడతాం కదా, నానమ్మ కూడా అలవాటు కొద్దీ తట్టడానికి చెయ్యెత్తిందంట, పిల్ల మొహం చూసి ఆ చెయ్యి అలాగే ఆగిపోయిందంట. పాపకి ఆ రాత్రి నుంచి బాగా గుర్తున్నది గింజ కాదు, దగ్గు కాదు, నానమ్మ మొహం. ఇది నాకు మూడో సెషన్‌లో చెప్పింది.

మర్నాడు గొంతులో గీరుకుపోయినట్టుందని సగం ఇడ్లీ తిని వదిలేసింది. మూడో రోజుకి చపాతీ వద్దంది, వారానికి అన్నం వద్దంది, రెండు వారాలకి పళ్ళెమే వద్దంది. నా దగ్గరికి వచ్చేటప్పటికి రోజంతా తీసుకునేది పాలల్లో కలిపిన మాల్ట్ పౌడర్, పల్చటి మజ్జిగ, వడకట్టిన రాగి జావ, కొబ్బరి నీళ్ళు, కరిగిపోయాక ఐస్‌క్రీమ్. అంతే. రాగి జావని అమ్మ టీ వడపోసే జాలీతో రెండుసార్లు వడకట్టేది, ఉండ తగిలితే ఆ గ్లాసు అక్కడితో అయిపోయినట్టే.

ఇలాంటి కేసుల్లో నేను ఫస్ట్ చూసేది మనసు కాదు, రిపోర్టులు. ఎందుకంటే మింగడం కష్టంగా ఉందని పిల్లలు చెప్పే ప్రతిదీ భయం కాదు, ఇయోసినోఫిలిక్ ఈసోఫజైటిస్ అని అన్నవాహికలో ఎలర్జీ లాంటి వాపు ఒకటుంటుంది, దాంట్లో ముద్ద నిజంగానే అడ్డం పడుతుంది, అది బయాప్సీ తీస్తే తప్ప తేలదు. పాపకి ఈఎన్‌టీ వాళ్ళు స్కోప్ వేసి చూశారు, బేరియం మింగించి ఎక్స్‌రే తీశారు, ఎండోస్కోపీలో బయాప్సీ కూడా అయ్యింది, అంతా క్లియర్. హిమోగ్లోబిన్ మాత్రం 10.1 ఉంది, ఆ వయసుకి తక్కువే. ఇంకోటి, ఇన్ని వారాలు సరిగా తినని పిల్లకి ఒక్కసారిగా ఎక్కువ పెట్టేస్తే రక్తంలో ఫాస్ఫేట్ పడిపోయే ప్రమాదం ఉంటుంది, అందుకే ఎంత పెంచాలో ఎప్పుడు పెంచాలో పిల్లల డాక్టర్ గారే చూసుకున్నారు, వారం వారం బరువు, నాడి, రక్త పరీక్ష ఆయన దగ్గరే. నేను ఒక్కదాన్నే చేసింది కాదిది. ఎండోస్కోపీలు అవీ అవ్వకుండా నా లాంటివాళ్ళ దగ్గరికి డైరెక్టుగా వస్తే నేను ముందు అక్కడికే పంపిస్తా, ప్రైవేటు ఖర్చు కష్టమైతే హైదరాబాద్‌లో నీలోఫర్ ప్రభుత్వ పిల్లల ఆసుపత్రి ఓపీ ఉంది, ఎవరి దగ్గరికెళ్ళాలో కూడా తెలీకపోతే 14416కి కొడితే టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ వాళ్ళు తెలుగులోనే మాట్లాడతారు.

మధ్యలో ఇంకో చోటికి కూడా తీసుకెళ్ళారంట, పేరు అనవసరం, అక్కడ పిల్ల ముందే "ఇవన్నీ నాటకాలు, రెండు తగిలిస్తే అదే తింటది" అన్నారంట. నాన్న ఇంటికొచ్చి నిజంగానే ఒకటి తగిలించారు. ఆ మాట నాకు చెప్తూ ఆయన తల పైకెత్తలేదు.

నానమ్మ మాత్రం తన పద్ధతిలో తను డయాగ్నసిస్ చేసేసింది. ఎండు మిరపకాయలు, ఉప్పు తిప్పి నిప్పుల్లో వేసింది. దిష్టి తగిలుంటే మిరపకాయలు కాల్చినా ఘాటు రాదంటారు కదా, ఇక్కడ ఘాటు ఇల్లంతా కమ్మేసింది, అందరికీ దగ్గు, పాపకి డబుల్ దగ్గు, "చూశారా నా గొంతు ఇంకా బాగవలేదు" అని ఏడుపు. ఘాటొచ్చింది కాబట్టి దిష్టి కాదని నానమ్మ తేల్చేసింది, "దిష్టి లేదు, బిడ్డ మనసుల భయం కూసున్నది" అని అమ్మతో చెప్పింది. నేను గంటన్నర మాట్లాడి ఎక్కడికి చేరానో ఆవిడ మిరపకాయలతో అక్కడికే చేరింది.

దీనికి మా పుస్తకాల్లో ఉన్న పేరు ఆర్ఫిడ్, అవాయిడెంట్ రెస్ట్రిక్టివ్ ఫుడ్ ఇన్‌టేక్ డిజార్డర్. 2013లో డీఎస్ఎం-5 అనే అమెరికన్ సైకియాట్రిస్టుల జబ్బుల పుస్తకంలో వచ్చింది, 2022 నుంచి అమల్లో ఉన్న ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల జాబితా ఐసీడీ-11లో కూడా ఉంది. లావైపోతానన్న బాధ ఇందులో ఉండదు, పాప అయితే సన్నబడ్డందుకు ఏడ్చేది, స్కూల్ స్కర్టుకి పిన్నీసు పెట్టుకోవాల్సి వస్తోందని. ఇందులో మూడు రకాలు కనిపిస్తాయి, రుచి వాసన మెత్తదనం పడక తినని పిల్లలు, ఆకలే పెద్దగా పుట్టని పిల్లలు, తింటే ఏదో అయిపోతుందని భయపడే పిల్లలు. పాపది మూడోది. అంతకు ముందు వరకు బెండకాయ, వంకాయ తప్ప అన్నీ తినేది, చికెన్ పీస్ కోసం తమ్ముడితో కొట్టుకునేది.

తిండి పేచీ పెట్టేదల్లా ఆర్ఫిడ్ కాదు, ఇది చెప్పకపోతే రేపట్నుంచి నాకు ఫోన్లు ఆగవు. ఆ ఇంట్లోనే మంచి ఉదాహరణ ఉంది, తమ్ముడు. వాడు తెల్లగా ఉన్నది తప్ప తినడు, పెరుగన్నం, ఇడ్లీ, పాలు, అరటిపండు. పప్పు చుక్క అన్నానికి అంటినా పళ్ళెం మార్చాలి. మూడేళ్ళుగా ఇంటిల్లిపాదీ బెంగ పెట్టుకున్నది వాడి గురించే, అక్క సంగతి ఎవరూ పట్టించుకోలేదు ఎందుకంటే ఆమె "మంచిగా తినే పిల్ల". కానీ వాడు ఎత్తు, బరువు గ్రోత్ చార్టులో తన గీత మీద తాను చక్కగా పెరుగుతున్నాడు, ఆడుకుంటున్నాడు. రెండు నుంచి ఆరేళ్ళ మధ్య కొత్త తిండి అంటే బెదురు మామూలే. వాడికి నేను సెషన్లేమీ పెట్టలేదు, అమ్మకి పావుగంటలో చెప్పా, రోజూ ఒక కొత్త పదార్థం గోరంత పళ్ళెం అంచున పెట్టు, తినమనకు, చూడటం, ముట్టుకోవడం, వాసన చూడటం కూడా లెక్కే, ఎనిమిది నుంచి పదిహేను సార్లు కనపడితే గానీ చాలామంది పిల్లలు నోట్లో పెట్టుకోరు, మనం మూడోసారికే ఇది పడదు వీడికి అని ఆపేస్తాం. ఏం వండాలి, ఎప్పుడు పెట్టాలి అనేది పెద్దవాళ్ళది, ఎంత తినాలి అసలు తినాలా వద్దా అనేది పిల్లలది, ఎలిన్ సాటర్ అనే అమెరికన్ డైటీషియన్ ఈ పంపకం ఎప్పుడో చెప్పింది. మన ఇళ్ళల్లో రెండు వాటాలూ నానమ్మలవే అనుకోండి.

మళ్ళీ పాప దగ్గరికి వద్దాం.

రెండో సెషన్‌లో నాకు బాగా పనికొచ్చిన చిన్న ప్రయోగం ఇది. అందర్నీ కూర్చోబెట్టి, నీళ్ళు తాగకుండా వరసగా ఐదుసార్లు ఉమ్మి మింగండి, గబగబా, అన్నా. మీరు కూడా ఇప్పుడు చేసి చూడండి కావాలంటే. మొదటి రెండూ ఈజీగా పోతాయి, మూడోది కాస్త బరువు, నాలుగుకొచ్చేసరికి గొంతు పట్టేసినట్టవుతుంది. నాన్న నాలుగో దగ్గర ఆగిపోయి కళ్ళు పెద్దవి చేశారు. నానమ్మ మూడుకే "ఏందమ్మా, నా గొంతుకేమో అయితాంది" అని మెడ పట్టుకుంది. పాప వాళ్ళందర్నీ ఒకరి తర్వాత ఒకర్ని చూస్తూ ఉంది, రెండు నెలల్లో మొదటిసారి తన గొంతు వదిలేసి వేరేవాళ్ళ గొంతుల వంక చూస్తోంది. "నాకు రోజూ అట్లనే ఉంటది" అంది మెల్లగా.

అప్పుడు చెప్పా, మీ ఎవ్వరి గొంతులోనూ గింజ లేదు కదా మరి ఎందుకు పట్టేసింది, నోట్లో ఉమ్మి అయిపోయింది కాబట్టి. భయపడితే నోరు ఆరిపోతుంది, గొంతు దగ్గర కండరాలు బిగుసుకుంటాయి, ఆరిన నోట్లో ముద్ద జారదు, జారకపోతే చూశావా అడ్డం పడుతోంది అనుకుంటాం, ఇంకా భయం. పైగా మింగడం అనేది సగం మనం చేసేది, మిగతా సగం దానంతట అది జరిగేది. ముద్దని నాలుక వెనక్కి తోసేవరకే మన పని, అక్కడ్నుంచి శ్వాసనాళం మీద మూతలాంటి మడత వాలడం, స్వరతంత్రులు మూసుకోవడం, ఊపిరి ఒక్క క్షణం ఆగడం, ఇవన్నీ మనల్ని అడక్కుండానే అయిపోతాయి. మెట్లు దిగేటప్పుడు ఏ కాలు ఎక్కడ పెడుతున్నా అని చూస్తూ దిగితే తూలతామా లేదా, ఇదీ అంతే. పాప ఒక్క ప్రశ్న వేసింది, "మరి ఆ రోజు మూత ఎందుకు వెయ్యలేదు?" మంచి ప్రశ్న. నవ్వుతున్నావు కాబట్టి లోపలికి గాలి పీల్చావు, మూత తెరిచుంది, గింజ అటు వెళ్ళబోయింది, వెంటనే ఏం జరిగింది? దగ్గొచ్చింది. దగ్గు ఏం చేసింది? గింజని బయటికి గెంటేసింది. అంటే ఆ రోజు నీ గొంతు ఫెయిలయ్యిందా, పని చేసిందా? జవాబు చెప్పలేదు, బాటిల్ మూత తిప్పి ఒక గుక్క తాగింది. కానీ ఇంటికెళ్ళేటప్పుడు కారులో "దగ్గు అంటే వాచ్‌మన్ లాంటిది అంట నాన్నా" అని చెప్పిందని తర్వాత వారం తెలిసింది. నేను వాచ్‌మన్ అనే మాట వాడలేదు, అది తన సొంతమే.

ఇక్కడివరకు బానే ఉంది, మూడో సెషన్‌లో నేను తప్పు చేసా. భయం నిచ్చెన అంటాం, తక్కువ భయమేసే దాని నుంచి ఎక్కువ భయమేసే దాని వరకు మెట్లు మెట్లుగా రాసుకుని ఒక్కో మెట్టే ఎక్కడం, అది నేనే కూర్చుని రాసేసా. లాజిక్ సింపుల్ కదా, మెత్తగా ఉన్నది కింద, గట్టిగా ఉన్నది పైన. గట్టి పెరుగు, మెదిపిన పెరుగన్నం, ఇడ్లీ, పప్పన్నం, దోశ, చపాతీ, చికెన్, అన్నిటికంటే పైన సీతాఫలం. పెరుగు వరకు వచ్చింది. నాలుగో సెషన్‌లో గోరంత ఇడ్లీ ముక్క పాలల్లో నానబెట్టి ఇచ్చా, అంతకంటే మెత్తగా ఈ లోకంలో ఏముంటుంది అనుకున్నా. నోట్లో పెట్టుకుంది, నమలడం మొదలెట్టింది, నేను మనసులో లెక్కపెడుతున్నా, అరవై దాటింది, ముక్క ఎప్పుడో గుజ్జు అయిపోయింది, దాన్ని చెంపలో దాచి కళ్ళల్లో నీళ్ళతో నా వంక చూస్తోంది. టిష్యూ ఇచ్చా. ఊసేసింది. ఆ వారం పెరుగు కూడా మానేసింది.

తర్వాత సెషన్‌కి ఖాళీ కార్డులు ఒక కట్ట ఇచ్చి, నువ్వే రాయి, నువ్వే వరసలో పెట్టు అన్నా. పెట్టింది చూసి నాకు సిగ్గేసింది. ఇడ్లీ దాదాపు పైన ఉంది, సీతాఫలానికి రెండు మెట్లు కింద. ఆలూ చిప్స్, అప్పడం, ఉస్మానియా బిస్కెట్ అన్నీ కింద. ఇదేంటమ్మా అంటే, "ఇడ్లీ అంటుకుంటది మేడమ్, ఎక్కడుందో తెల్వదు. చిప్స్ అయితే కరకర వినిపిస్తది, సౌండ్ ఆగిపోయిందంటే చిన్నగా అయిపోయినట్టు." తొమ్మిది వారాలుగా ఇంట్లో అందరూ, తర్వాత నేను, మెత్తగా మెత్తగా అని తను ఎక్కువ భయపడేదాన్నే తన ముందు పెడుతూ వచ్చాం. ఇలాంటి పిల్లల్లో ఎక్కువమంది మెత్తటిదే నయమంటారు, అందుకే నేను అడగలేదు. అడక్కపోవడమే తప్పు.

ఆ రోజే సగం ఉస్మానియా బిస్కెట్ తింది. బిస్కెట్ చాయ్‌లోనో పాలల్లోనో ముంచుకుని తినేదే కదా అందరూ, తను పొడిగానే కావాలంది, ముంచితే సౌండ్ పోతుంది కాబట్టి. భయం ఎంతుందో సున్నా నుంచి పది వరకు మీటర్ చెప్పమంటే ఎనిమిది అంది, రెండు నిమిషాల తర్వాత మళ్ళీ అడిగితే ఐదు. "ఆటో మీటర్ అయితే ఎక్కుడే గానీ దిగుడు ఉండదు" అంది, వాళ్ళ నాన్న పక్క నుంచి హైదరాబాద్‌లో మీటరేసే ఆటో నువ్వెక్కడ చూశావే అన్నారు. ఆ రూమ్‌లో ఆ కుటుంబం కలిసి నవ్వడం అదే మొదటిసారి.

సంక్రాంతి వచ్చింది. నానమ్మ సకినాలు పోసింది, కరకరలాడతాయి కాబట్టి పాప కార్డుల్లో కింద మెట్టే. రెండు తింది, మూడోదాని అంచు గొంతులో గీరుకుని దగ్గొచ్చింది. మామూలు దగ్గు. కానీ ఇల్లంతా లేచింది, అమ్మ పరుగెత్తుకొచ్చి వీపు మీద చరుస్తోంది, నాన్న నోరు తెరువు తెరువు అంటున్నారు, నానమ్మ దేవుడి గదిలోకి ఉరికింది. దగ్గు నాలుగు సెకన్లలో ఆగిపోయింది, వీళ్ళ హడావిడి అరగంట ఆగలేదు. మళ్ళీ రెండు రోజులు పాలు, మజ్జిగ.

అందుకని ఆ వారం సెషన్ పాపకి కాదు, పెద్దవాళ్ళకి పెట్టా. నిజంగా ఊపిరాడకపోతే మనిషి దగ్గలేడు, మాట్లాడలేడు, శబ్దమే రాదు, అప్పుడు ముందుకి వంచి రెండు భుజాల మధ్య ఐదు దెబ్బలు, పోకపోతే వెనక నుంచి పట్టుకుని బొడ్డు పైన లోపలికి, పైకి ఐదు నొక్కులు, ఏడాది దాటిన ఎవరికైనా ఇదే పద్ధతి. గట్టిగా దగ్గుతున్నారంటే గాలి ఆడుతోందనే అర్థం, అప్పుడు చెయ్యాల్సింది పక్కన నిలబడి దగ్గనివ్వడం. అమ్మ ఫోన్లో వీడియోలు చూసి చూసి అన్నీ కలిపేసుకుంది, దగ్గినా సరే చరచడమే. దిండు ఒకటి ఇచ్చి ముగ్గురి చేతా ప్రాక్టీస్ చేయించా. ఇది నేర్పిస్తే భయం పెరగదా అని నన్ను ఒక జూనియర్ అడిగింది, ఈ అమ్మ విషయంలో రివర్స్, ఎప్పుడు ముట్టుకోకూడదో తెలిశాక ఆమె చేతులు ఊరికే ఉండటం నేర్చుకున్నాయి.

ఇంకో రూల్ పెట్టా, రెండు వారాలు ఆ ఇంట్లో ఎవ్వరూ పాపని "తిన్నావా" అని అడగకూడదు. చెప్పడం తేలికే, తిన్నావా అనేది మన దగ్గర ప్రశ్న కాదు పలకరింపు, ఫోనెత్తితే హలో తర్వాత అదే. మేనత్తలు, పిన్నులు అందరూ రోజూ ఫోన్ చేసి అడిగేదీ అదే, ఫ్యామిలీ గ్రూపులో పాప తాగిన గ్లాసు ఫోటోలు పోతుండేవి. అవన్నీ బంద్. నానమ్మకి మహా కష్టమైంది, "తి" అని మొదలుపెట్టి నాలుక కరుచుకుని "తి... తిరిగొచ్చినవా బిడ్డా స్కూల్ నుంచి" అనేదంట, ఎదురుగా యూనిఫామ్‌లో నిలబడ్డ పిల్లతో. భోజనాల దగ్గర ఆవిడకి ఒక డ్యూటీ ఇచ్చా, పళ్ళెం వంక చూడకుండా ఊరి సంగతులు చెప్పాలి. బావిలో పడ్డ బర్రె కథ ఆ నెలలో పదకొండు సార్లు చెప్పిందని నాన్న లెక్క.

ఇక బాటిల్ సంగతి. ఆరో సెషన్‌లో పాప చిప్స్, అప్పడం, బిస్కెట్, మురుకులు అన్నీ తింటోంది, లిస్టు పెరుగుతోంది, అమ్మ హ్యాపీ, నేనూ హ్యాపీ, కానీ మీటర్ మాత్రం ఏడు దగ్గరే కదలకుండా ఉంది. అప్పుడు ఒక భోజనం వీడియో తీసి పంపమన్నా, అందులో పాప కనపడకుండా ఒట్టి చేతులు, పళ్ళెం, టేబుల్ మాత్రమే. ఇరవై రెండు నిమిషాల వీడియో, ప్రతి కొరుకుకీ చెయ్యి బాటిల్ మీదికి పోతోంది. కొరుకు, నములు, గుక్క. కొరుకు, నములు, గుక్క. అంటే తన లెక్కలో తిన్నది తన గొంతు వల్ల దిగలేదు, నీళ్ళ వల్ల దిగింది. ప్రతి మెతుక్కీ తను ప్రాణాలతో బయటపడుతోంది, క్రెడిట్ మాత్రం బాటిల్‌కి పోతోంది. ఇంక వంద రకాలు తిన్నా భయం ఎందుకు తగ్గుతుంది? వీటినే మేము సేఫ్టీ బిహేవియర్స్ అంటాం, వెతికితే ఇంకా దొరికాయి, యాభై సార్లు నమలడం, తల కిందికి వంచి మింగడం, తినేటప్పుడు మాట్లాడకపోవడం, అమ్మ చెయ్యి అందేంత దూరంలోనే కూర్చోవడం, తిన్నాక ఫోన్ టార్చ్ వేసుకుని అద్దంలో గొంతు చూసుకోవడం.

అప్పట్నుంచి కొత్త తిండి పెంచడం ఆపేసా, నా ఉద్దేశంలో ఈ కేసు తిరిగింది అక్కడే. తిండి పాతదే, తీసేది సేఫ్టీ. బాటిల్‌ని వాళ్ళింట్లో నేల టైల్స్ లెక్కన దూరం జరపాలి, రెండు రోజులకొక టైల్, ఎప్పుడు జరపాలో పాపే జరపాలి. 1924లో మేరీ కవర్ జోన్స్ అనే సైకాలజిస్టు కుందేలంటే భయపడే పీటర్ అనే చిన్నబాబుకి ఇష్టమైన తిండి పెడుతూ కుందేలు బోనుని కొంచెం కొంచెంగా దగ్గరికి జరుపుతూ వచ్చింది, చివరికి వాడు కుందేల్ని నిమిరాడు. వాడికి తిండి తోడుగా కుందేలు దగ్గరికొచ్చింది, మాకు తిండి కోసం బాటిల్ దూరం పోవాల్సొచ్చింది. పాపకి ఈ కథ చెప్తే "నాకు కుందేలైతే బాగుండేది" అంది.

మొదటి టైల్‌కి మీటర్ తొమ్మిది. నాలుగో టైల్ దగ్గర ఒక వారం ఇరుక్కుపోయాం, ఎందుకంటే అక్కడ్నుంచి చెయ్యి చాపితే అందదు, లేవాలి. ఆ వారం నేను చెప్పింది ఒక్కటే, లేచి తాగాలనిపిస్తే తాగు, కానీ ముద్ద దిగాక ముప్పై లెక్కపెట్టి లే. ముప్పై లెక్కపెట్టాక చాలాసార్లు లేవబుద్ధి కాలేదంట. తొమ్మిదో టైల్‌కి బాటిల్ ఫ్రిజ్ దాకా చేరింది, అప్పటికి ఫిబ్రవరి చివర, బరువు 33 దాటింది, పాప పెరుగన్నంలో వేగిన చల్ల మిరపకాయ నంజుకుంటోంది. నమలడం లెక్క కూడా అలాగే తగ్గించాం, యాభై, ముప్పై ఐదు, ఇరవై, తర్వాత లెక్కే వద్దు. అద్దం, టార్చ్ మాత్రం తనంతట తనే మానేసింది, ఎప్పుడు మానేసిందో తనకే గుర్తులేదు.

ఇలాంటి కేసులకి ఇప్పుడు సీబీటీ-ఏఆర్ అని, ఆలోచనల్నీ అలవాట్లనీ మార్చే సీబీటీ థెరపీని ఆర్ఫిడ్‌కి తగ్గట్టు మలిచిన ఒక పద్ధతి ఉంది, మసాచుసెట్స్ జనరల్ హాస్పిటల్‌లో జెన్నిఫర్ థామస్, కామ్రిన్ ఎడ్డీ తయారు చేసింది, పదేళ్ళు దాటినవాళ్ళకి, ఇరవై నుంచి ముప్పై సెషన్లు. నేను దాని వరసని అచ్చంగా ఫాలో కాలేదు, చాలావరకు అదే దారి, పదిహేడు సెషన్లలో అయ్యింది. ఆర్నెల్లు దాటి వచ్చే పిల్లలకి ఇంత తొందరగా అవ్వదు. తొమ్మిది వారాలకే తీసుకురావడం వీళ్ళ అదృష్టం, ఆ పిల్లల డాక్టర్ గారి పుణ్యం.

స్కూల్లో లంచ్ బెల్ కొట్టగానే లైబ్రరీకి పోయి కూర్చునేది, డబ్బా ఓపెన్ చేస్తే అందరూ చూస్తారని. మార్చిలో ఒక ఫ్రెండ్‌తో కలిసి తినడం మొదలెట్టాం, ముందు చిప్స్, తర్వాత చపాతీ రోల్. మేము కావాలనే పెట్టుకున్న పరీక్ష ఏంటంటే, తింటూ నవ్వాలి. ఆ రాత్రి జరిగింది నవ్వుతుంటేనే కదా, తను అప్పట్నుంచి నోట్లో ఏదున్నా మూతి బిగించుకునే ఉండేది, తమ్ముడు కోతి వేషం వేస్తే లేచి వేరే గదిలోకి పోయేది. క్లినిక్‌లోనే తమ్ముణ్ణి లోపలికి పిలిచి అక్క బిస్కెట్ తింటున్నంతసేపూ నీకొచ్చిన వేషాలన్నీ వెయ్యి అన్నా. వాడు రెచ్చిపోయాడు. పాప ఆపుకోలేక నవ్వింది, పొడి కొంచెం పొలమారింది, రెండు దగ్గులు దగ్గింది, అమ్మ కుర్చీలో రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, వేళ్ళు తెల్లబడేంత గట్టిగా, కదలకుండా కూర్చుంది. పాప గొంతు సవరించుకుని మిగతా బిస్కెట్ తినేసింది. బాటిల్ ఆ రోజు కారులో ఉంది.

ఇడ్లీ ఏప్రిల్‌లో అయ్యింది. మే నాటికి బరువు 37, సెషన్లు ఆపేశాం, కానీ కార్డుల కట్టలో ఒకటి మిగిలిపోయింది, సీతాఫలం, మే నెలలో ఎక్కడ తెస్తాం. పైగా ఆ వాసనకే కడుపులో తిప్పేది తనకి, అది పొలమారే భయం కాదు, వేరే సంగతి. వాంతితో ముడిపడ్డ రుచి ఒక్కసారికే ఒంట్లో అచ్చుపడిపోతుంది, 1950ల్లో జాన్ గార్సియా ఎలకల మీద చూపించింది ఇదే, తియ్యటి నీళ్ళు తాగాక వాటికి జబ్బు చేసేలా చేస్తే మళ్ళీ ఆ నీళ్ళ జోలికి పోలేదు. అందుకని సీతాఫలం తిని తీరాలని నేను పట్టు పట్టలేదు, సీజన్ వచ్చాక నీకనిపిస్తే రా, లేకపోతే లేదు అన్నా.

అక్టోబర్ మొదటి వారంలో ఫోనొచ్చింది. పాపే చేసింది, అమ్మ ఫోన్ నుంచి. వచ్చారు, బరువు 41, కొత్త స్కర్టు, పిన్నీసు లేదు. నానమ్మ సంచిలోంచి స్టీల్ డబ్బా తీసి మూత తెరిచింది, తెల్లటి సీతాఫలం గుజ్జు, ఒక్క గింజ లేదు, పొద్దున్నే లేచి గంటసేపు కూర్చుని అన్నీ ఏరేసింది. పాప డబ్బాలోకి చూసింది, నా వంక చూసింది, ఇద్దరికీ ఒకేసారి నవ్వొచ్చింది. "నానమ్మా, గింజలు తీసేస్తే ఇంక నేనెందుకు వచ్చినా ఇక్కడికి" అంది. నానమ్మకి కోపం, "నా చేతులు ఊకుంటయా" అని.

మరుసటి వారం నాన్న మొత్తం కాయలు తెచ్చారు. పాప ముందు వాసన చూసింది, మొహం చిట్లించింది, మీటర్ ఆరు అంది, ఒక పలుకు తీసి నోట్లో పెట్టుకుంది, గింజని నాలుకతో ముందుకి తెచ్చి టేబుల్ మీద పేపర్లో ఊసింది. అలా పద్నాలుగు గింజలు. పదిహేనోది మింగేసింది, పొరపాటున, మామూలుగా, అన్నంలో రాయి మింగినట్టు. ఆగింది. మేమందరం ఆగాం. "కడుపుల చెట్టు మొలుస్తది ఇగ" అన్నది నానమ్మ. పాప సగం కాయ తమ్ముడికిచ్చేసి, "అంత టేస్టేం లేదు మేడమ్, నాకు జామకాయనే ఇష్టం" అని చెయ్యి కడుక్కోవడానికి పోయింది.